వెయ్యో రోజు లెక్క

క్లాటెన్‌లో ఎవరైనా కన్నుమూస్తే మసీదుకు కబురు వెళ్లిన కాసేపటికే వార్సితిగారి వంటశాలకూ వెళ్తుంది. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, రెండు ఏడాది దినాలు, చివరికి వెయ్యో రోజు. ఇలా ఏడుసార్లు ఆ ఇంట్లో చాపలు పరుస్తారు. వీధిలోని మగవాళ్లంతా కూర్చుని ప్రార్థన చదివి, వెళ్లేటప్పుడు తలా ఒక వెదురు పెట్టె పట్టుకెళ్తారు. ఆ పెట్టెలో కొబ్బరిపాల అన్నం, కోడిముక్క, కొబ్బరికోరు కలిపిన ఆకుకూర, రెండు అపెమ్ అట్లు ఉండి తీరాలి. ఈ భోజనాన్ని కెందురి అంటారు. వెయ్యో రోజు కెందురితో సరి. సమాధి మీద రాయి నిలబెట్టి, పోయినవాళ్లను ఇక వాళ్ల దారిన వాళ్లను పోనిస్తారు. మిగతా ఆరూ ఒక పూట అటూ ఇటూ అయితే పెద్దవాళ్లు చూసీచూడనట్టు ఊరుకుంటారేమో గాని, వెయ్యోది తప్పకూడదు. ఆ రోజు దాటిపోతే మరి రాదు.

వెయ్యి రోజులంటే మూడేళ్లకు మూడు నెలలు తక్కువ. అన్నాళ్లపాటు లెక్క తప్పకుండా చూసుకోవడం ఏ ఇంటివాళ్లకైనా కష్టమే. వార్సితిగారి వ్యాపారమంతా ఆ కష్టం మీదే నిలబడింది. "మీ నాన్నగారి నూరో రోజు వచ్చే వారం, ఎంతమందిని పిలుస్తున్నారు?" అని ఇరవయ్యారేళ్లుగా ఆవిడే ముందు కబురు పెడుతున్నారు. అలా కబురొచ్చిన ఇంటివాళ్లకు ఇంకొకరి దగ్గర వండించుకోవాలన్న ఆలోచన కూడా రాదు.

అలాంటి వంటశాల నుంచి పోయిన ఏడాది ఒకే సాయంత్రం ఒక ఇంటికి రెండుసార్లు అన్నం వెళ్లింది, ఇంకో ఇంటికి అసలు వెళ్లలేదు. ఆ రెండో ఇంట్లో ఎనభైమంది ప్రార్థన పూర్తిచేసి ఉత్త చేతులతో లేచిపోయారు. ఇంటావిడ ఒక్క మాటైనా అనలేదు. తర్వాతి కెందురి వేరేచోట వండించుకుంది, అంతే. వార్సితిగారికి మూడు రోజులు ముద్ద దిగలేదు. నాలుగో రోజున రుమంతిని పిలిపించారు.

రుమంతికి ముప్ఫై రెండేళ్లు. సోలోలో ఒక బ్యాంకులో రికార్డుల పని చేసేది. తండ్రి దర్సోనో పోయాక ఆ ఉద్యోగం మానేసి, తల్లి సుమిరాతో ఉండడానికి వచ్చేసింది. మనిషి చురుకు, చేతిలో పని ఉంటే తిండి కూడా గుర్తుండదు. కాస్త గర్వం కూడా ఉంది, అది పని తెలిసినవాళ్లకు ఉండే గర్వమే.

"నీకు ఎలాంటి కంప్యూటరు కావాలో చెప్పు అమ్మాయ్, కొనేద్దాం. మా అల్లుడు డేటా, డేటా అని చెవి కొరికేస్తున్నాడు" అన్నారు వార్సితిగారు.

"కంప్యూటరు సంగతి తర్వాత అమ్మగారూ. పొద్దున్నే లేచి మీరు మొట్టమొదట ఏం అడుగుతారు?"

"ఏం అడుగుతాను! ఇవాళ ఎవరింటికి, ఎంతమందికి, ఏం వండాలి అనే."

"ఎవరు చెప్తారు?"

"ముగ్గురు చెప్తారు" అన్నారు వార్సితిగారు నీరసంగా. "మూడు రకాలుగా."

ఆ ముగ్గురూ చెప్పేది వినడానికే రుమంతికి నెల పట్టింది. వార్సితిగారివి నలభై మూడు నోటుపుస్తకాలు, రేకు డబ్బాల్లో ఉన్నాయి. వ్యాను నడిపే జుమారి దగ్గర ఫోను ఉంది. అందులో ఇళ్ల పేర్లు 'రైలు గేటు పక్క నీలం తలుపులు', 'కరిచే కుక్క', 'సందులోకి బండి పోదు' అని ఉంటాయి. వంటింటి పెద్ద పార్జియెమ్ ఏమీ రాయదు. ఎవరింట్లో మేకమాంసం ముట్టరో, ఎవరి వీధిలో షుగరు రోగులు ఎక్కువో అంతా బుర్రలోనే పెట్టుకుంటుంది, అడిగితే కసురుతుంది. పుస్తకంలోని తుకిమాన్‌గారు, ఫోనులోని నీలం తలుపులు, పార్జియెమ్ బుర్రలోని 'కారం తక్కువ ముసలాయన' ముగ్గురూ ఒక్కరేనని ఇరవయ్యారేళ్లలో ఎవరూ కూర్చుని చెప్పుకోలేదు. ఆ ఎనభైమంది ఆకలితో లేచిపోయింది అందుకే.

రుమంతి గోడకు పెద్ద కాగితం అంటించింది. ప్రతి సంగతికీ ఒక్కటే చోటు, ఆ చోటుకి ఒక్కరే యజమాని. తేదీలు ఒకచోటే ఉంటాయి, వాటిని రుమంతే రాస్తుంది. దారులు జుమారి రాస్తాడు, తిండి సంగతులు పార్జియెమ్ చెప్తే ఒక అమ్మాయి రాస్తుంది. ఒకరు రాసినదాన్ని మిగతావాళ్లు చూడొచ్చు గాని చెయ్యి పెట్టకూడదు. విన్నవాళ్లు విన్నప్పుడే రాయాలి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు.

"అంటే నా బుర్రకి కూడా తాళం వేస్తావా?" అంది పార్జియెమ్.

"తాళం కాదక్కా, కిటికీ పెడుతున్నాను."

"కిటికీ పెడితే దోమలొస్తాయి" అంది పార్జియెమ్. అంది గాని చెప్పడం మొదలుపెట్టింది. చెప్తుంటే తనకు ఇంత తెలుసా అని తనకే ముచ్చటేసింది. మధ్యాహ్నం పడక మానేసి మరీ చెప్పేది.

నలభై మూడు పుస్తకాల్లో ఉన్నది రెండువేల చిల్లర కుటుంబాలు. అందులో వెయ్యో రోజు ఇంకా రానివి ఏడువందల పైన ఉన్నాయి. ముందు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. రుమంతి ప్రతి ఇంటినుంచీ మరణ ధ్రువపత్రం నకలు తెప్పించింది. బ్యాంకు అలవాటు, కాగితం లేనిదే కలం కదలదు. పుస్తకాన్నీ పత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నూట ఎనభై చోట్ల తేదీ కలవలేదు. పెద్ద తేడా ఏమీ కాదు, ఒక్కరోజే. వార్సితిగారి వయసు అరవై నాలుగు, కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరే ఉంటుంది. రుమంతి జాలిగా నవ్వుకుని, కలవనిచోట ధ్రువపత్రమే సరైనదని గోడ మీది కాగితంలో ఒక వాక్యం చేర్చింది. వార్సితిగారిని అడగాలన్న ఆలోచన రాలేదు. అంత చిన్న సంగతికి పెద్దావిడను ఇబ్బంది పెట్టడమెందుకు అనుకుంది.

మొదట ఎక్కించింది తన తండ్రి పేరే. బీరువాలోని సర్టిఫికెట్టు తీసిమ్మని తల్లిని అడిగితే సుమిరా తీసిచ్చింది. బుధవారం, ఐదు రోజుల సంత వారంలో వాగె. కంప్యూటరు రెప్పపాటులో లెక్కకట్టి చెప్పింది, వెయ్యో రోజు సోమవారం-పోన్. రుమంతి చేత్తో కూడా లెక్కపెట్టుకుంది. పోయిన రోజు నుంచి వారాల్లో ఆరోది, సంత రోజుల్లో ఐదోది, సరిపోయింది. కెందురి ఎప్పుడూ ముందురోజు చీకటి పడ్డాకే కాబట్టి అన్నం ఆదివారం సాయంత్రం వెళ్లాలని వ్యాన్ల పట్టికలో దానంతటదే పడింది. ఆ ఏర్పాటు తనే చేసింది, అందుకు భలే మురిసిపోయింది.

ఆదివారం సాయంత్రం సుమిరా ఇంట్లో అరవైమంది కూర్చున్నారు. కొత్త పద్ధతిలో కబురు వెళ్లిన మొదటి వెయ్యో రోజు అదే. వార్సితిగారు స్వయంగా వచ్చారు. తేదీ ఎలా వచ్చిందో, కబురు ఎలా వెళ్లిందో, పెట్టెలు ఎలా లెక్కకు సరిపోయాయో రుమంతి పెదనాన్నలకూ బాబాయిలకూ వివరించి చెప్తుంటే ఆవిడ కళ్లలో తృప్తి కనిపించింది. సుమిరా తలుపు పక్కన నిలబడి కూతురినే చూస్తూ ఉండిపోయింది.

దానితో కలిపి ఆరు వారాల్లో నలభై ఒక్క వెయ్యో రోజులు నడిచాయి. ఒక్క ఇల్లు తప్పిపోలేదు, ఒక్క పెట్టె తగ్గలేదు. వార్సితిగారి అల్లుడు వచ్చి, "పని బాగుందో లేదో ఎలా కొలుస్తున్నావు?" అని అడిగాడు.

"ఫిర్యాదులు లెక్కపెడుతున్నానండీ. ఇప్పటిదాకా సున్నా."

సున్నాను గోడ మీద పెద్దగా రాసి పెట్టింది కూడా. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి ఆ సున్నాను చూసి సంబరపడటమే విడ్డూరం. ఇక్కడివాళ్లు బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తామే క్షమించమని అడుగుతారు. అన్నం రాని ఇంటావిడ నోరు విప్పకుండానే వెళ్లిపోయిందని తెలిసీ, రుమంతికి ఆ సంగతి తట్టలేదు.

గుట్టు బయటపెట్టింది జుమారి, అదీ వంట మీద బెంగతో. మరుసటి సాయంత్రం ఖాళీ గంగాళాలు తెచ్చుకోవడానికి వెళ్లేది అతనే. ఒకరోజు గంగాళాలు దింపుతూ గొణిగాడు.

"ఏం వండుతున్నావక్కా ఈమధ్య? జనానికి సరిపోవడం లేదా, నోటికి ఎక్కడం లేదా?"

"ఏం కూశావ్?" అంది పార్జియెమ్, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"మరేంటి? నీలం తలుపుల ఇంటికి వెళ్తే మళ్లీ చాపలు పరిచి ఉన్నాయి. పదిమంది కూర్చుని చదువుతున్నారు. లోపల వాళ్లే వండుకున్న అన్నం. నన్ను చూసి ఆ పెద్దాయన దొంగతనం చేస్తూ దొరికినట్టు అయిపోయాడు. పోయిన వారం కరిచే కుక్క ఇంట్లో కూడా ఇంతే. దానికి ముందు ఇంకో ఇంట్లోనూ. మనం పెట్టిన మర్నాడే మళ్లీ పెట్టుకుంటున్నారంటే మన తిండికే ఏదో వచ్చింది."

పార్జియెమ్ మొహం కందగడ్డ అయింది. ఆ రాత్రి కొబ్బరిపాలు మూడుసార్లు రుచి చూసి, మూడుసార్లూ తిట్టుకుంది. రుమంతి మాత్రం కంప్యూటరు తెరిచి ఆ మూడు ఇళ్లూ చూసింది. మూడింట్లోనూ పుస్తకానికీ పత్రానికీ ఒకరోజు తేడా. ఆ తేడా ఎందుకు వచ్చిందో మాత్రం అప్పటికి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే జుమారి వ్యానులో నీలం తలుపుల ఇంటికి వెళ్లింది. తుకిమాన్‌కు డెబ్భై దాటాయి, చక్కెర మిల్లులో పనిచేసి దిగిపోయినవాడు. టీ ఇచ్చాడు, వేరుశనగలు పెట్టాడు, వర్షాల గురించి మాట్లాడాడు. వంట గురించి అడిగితే, అంత మంచి కోడి ఈ జన్మలో తినలేదన్నాడు. రెండో టీ కూడా ఇచ్చాడు.

"పెద్దాయనా, మర్నాడు మళ్లీ కెందురి పెట్టుకున్నారట?"

"అబ్బే, కెందురి ఏమిటమ్మా, ఊరికే నలుగురం కూర్చున్నాం."

రుమంతి కప్పు కింద పెట్టింది. తర్వాత అప్పటిదాకా ఏ ఇంట్లోనూ అడగని మాట అడిగింది. "పెద్దమ్మగారు ఏ పూట పోయారు?"

ముసలాయన మొహంలో మర్యాద కాస్త వెనక్కి తగ్గింది. ఆ వెనకనుంచి మనిషి కనిపించాడు. "రాత్రి భోజనాల వేళ. చేప ముల్లు తీసి నా కంచంలో పెట్టింది. అలా గోడకి ఆనుకుంది, అంతే."

"అంటే మగ్రిబ్ నమాజు అయ్యాక."

"అయ్యాకే. పొద్దు గుంకితే రోజు మారిపోలేదూ తల్లీ? సర్కారు కాగితానికి అర్ధరాత్రి దాకా పాత రోజే, పాపం దానికేం తెలుసు."

రుమంతికి ఇది తెలియని సంగతి కాదు. అన్నం ముందురోజు చీకటి పడ్డాక వెళ్లాలని వ్యాన్ల పట్టికలో రాసింది తనే. పొద్దు గుంకితే కొత్త రోజు అన్న లెక్కను అన్నానికి పెట్టింది, ప్రాణానికి పెట్టడం మరిచిపోయింది.

"మరి నాకు చెప్పలేదేం పెద్దాయనా?"

"చెప్తే ఏమౌతుంది? నీ మొహం చిన్నబోతుంది, వార్సితి బాధపడుతుంది. రెండుసార్లు ప్రార్థన చదివితే మా ఆవిడకేమైనా నష్టమా?" అన్నాడు తుకిమాన్. గేటు దాకా వచ్చి, వద్దన్నా వినకుండా ఒక సంచి వేరుశనగలు చేతిలో పెట్టాడు.

వంటశాలకు తిరిగొచ్చి, రుమంతి దాచకుండా అంతా చెప్పేసింది. వార్సితిగారు లేచి రేకు డబ్బాలోంచి ఒక పుస్తకం తీసి, వేలితో గీత వెంట చూసుకుంటూ వెళ్లారు.

"తుకిమాన్ పెళ్లాం. ఇదిగో, నా పుస్తకంలో సరిగానే ఉందే."

"ఉంది అమ్మగారూ. కలవనిచోట సర్టిఫికెట్టునే తీసుకున్నాను."

"నన్ను అడిగావా?"

"లేదు. మీరు పొరపాటు పడ్డారనుకున్నాను."

వార్సితిగారు కళ్లజోడు పైకి తోసుకుని ఆమెను ఎగాదిగా చూశారు. "నూట ఎనభై పొరపాట్లు. అన్నీ ఒక్కరోజే, అన్నీ ఒకే పక్కకి. అంత పద్ధతిగా పొరపాట్లు చేసేదాన్నయితే నేనే బ్యాంకులో చేరేదాన్ని కదటే!"

పార్జియెమ్ కిసుక్కున నవ్వింది. తన కొబ్బరిపాలకు మచ్చ పోయిందన్న సంతోషం ఆమెది. రుమంతికి మాత్రం భూమి చీలి లోపలికి పోతే బాగుండునన్నంత సిగ్గేసింది. రాబోయే కుటుంబాల తేదీలు ఆ పూటే సరిదిద్దొచ్చు, అది కష్టం కాదు. కష్టమంతా అయిపోయినవాటితోనే. నలభై ఒకటిలో పదకొండు తప్పురోజున జరిగిపోయాయి.

"వెళ్లి చెప్పకపోతే?" అన్నారు వార్సితిగారు నెమ్మదిగా. ఆవిడ తప్పించుకునే మనిషి కాదు, నిజంగానే ఆలోచిస్తున్నారు. "తెలిసినవాళ్లు ఎలాగూ మళ్లీ పెట్టుకున్నారు. తెలియనివాళ్లు సరిగ్గా పంపేశామని నిశ్చింతగా ఉన్నారు. ఆ నిశ్చింత మనం పాడుచెయ్యాలా?"

"మన పుస్తకంలో తప్పుందని మనకి తెలుసు అమ్మగారూ. తెలిసీ ఊరుకుంటే రేపు వాళ్లింట్లో ఇంకెవరైనా పోయినప్పుడు ఏ మొహంతో తేదీ చెప్తాం? మన దగ్గర వాళ్లు దాచుకున్నది అదొక్కటే."

వార్సితిగారు లోపలికి వెళ్లి బట్టలు మార్చుకుని వచ్చారు. "పద. నేనూ వస్తాను. తప్పు ఒప్పుకోవడానికి చిన్నవాళ్లని ఒక్కళ్లనే పంపడం బాగోదు."

తుకిమాన్ ఇల్లు కాక మిగిలినవి తొమ్మిది ఇళ్లు, పదకొండోది రుమంతి ఇల్లే. దాన్ని ఆమె చివరికి పెట్టుకుంది. ఎందుకు చివరికో వార్సితిగారు అడగలేదు.

తొమ్మిదింట్లో ఆరు ఇళ్లవాళ్లు మర్నాడు గుట్టుగా మళ్లీ పెట్టుకున్నవాళ్లే. ఆరుగురూ తమదే తప్పన్నట్టు మాట్లాడారు. ఒకావిడయితే, వంటశాలకు తెలియకూడదని పిల్లలతో గంగాళాలు వెనక గదిలోకి మోయించానని చెప్పి నాలుక్కరుచుకుంది. ఇద్దరికి తెలియదు. అందులో ఒకతను తల్లి ఫోటో వంక చూసి, తమ్ముడికి మాత్రం చెప్పొద్దని బతిమాలాడు. రెండో ఇంటావిడ కాసేపు ఏడ్చి, వచ్చే గురువారం రాత్రి ఎలాగూ ప్రార్థన ఉంది, అందులో ఆయన పేరు కలుపుకుంటానంది. ఇక ఒక ఇంట్లో పోయినాయన సైకిళ్ల కొట్లో ఒంటరిగా పోయాడు. పొద్దున తలుపు తీసి చూసేదాకా ఎవరికీ తెలియదు. ఏ పూట అంటే ఎవరు చెప్పగలరు? రుమంతి ఆ గడిలో 'తెలియదు' అని రాసింది. ఇదివరకైతే ఖాళీ గడి చూస్తే ఆమెకు చేతులు దురద పెట్టేవి, ఏదో ఒకటి నింపేసేది. ఆ రోజు 'తెలియదు' అన్న మాటే నిజంగా కనిపించింది.

గోడ మీద కాగితం మారింది. సున్నా పోయింది. సర్టిఫికెట్టుకు ఒక గడి, పుస్తకానికి ఒక గడి. రెండూ కలవకపోతే కంప్యూటరు తీర్పు చెప్పదు, ఒక మనిషి వెళ్లి అడిగి రావాలి. కెందురి అయిన మూడో రోజు జుమారి వెళ్లి, రెండో టీ ఇచ్చేదాకా కూర్చోవాలి. మొదటి టీకి ఎవరూ నిజం చెప్పరని ఇప్పుడు అందరికీ తెలిసింది. కొత్త ఇంటికి వెళ్తే మాత్రం తేదీ కంటే ముందు రాయాల్సింది ఇంకొకటి ఉంది. పోయినప్పుడు దగ్గర ఎవరున్నారు? ఆ మనిషి పేరు, ఆ మనిషి చెప్పిన పూట. ఆ తర్వాతే కాగితం.

"ఇదొక్కటి ముందే అడిగి ఉంటే మూడు నెలల చాకిరీ తప్పేది" అన్నాడు జుమారి.

"నోర్ముయ్, బండి కడుగు" అన్నారు వార్సితిగారు.

తొమ్మిది ఇళ్లూ అయ్యాక, పదో రోజున రుమంతి పెందరాళే ఇంటికి వెళ్లింది. ఇంకా ఎండ ఉంది. సుమిరా వాకిట్లో పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. రుమంతి ఎదురుగా కూర్చుని సంచీలోంచి కొత్త కాగితం తీసింది.

"అమ్మా, నాన్న పోయినప్పుడు దగ్గర ఎవరున్నారు?"

సుమిరా చేతులు ఆగాయి. "నేనున్నాను."

"ఏ పూట?"

"మగ్రిబ్ అయిపోయింది. నర్సు వచ్చి లైట్లు వేసి వెళ్లింది. నమాజు చేసుకొస్తానంటే చెయ్యి వదల్లేదు మీ నాన్న. సరే, కూర్చునే చేసుకున్నాను. అది ముగిసిన కాసేపటికి."

"అంటే గురువారం."

"గురువారం-క్లివోన్" అంది సుమిరా. తిథి తెలిసిన మనిషి ఎలా చెప్తుందో అలా, తడుముకోకుండా.

"నేను అరవైమందిని పిలిచి సోమవారం, సోమవారం అని చెప్తుంటే తలుపు దగ్గర నిలబడి వింటూ ఊరుకున్నావా?"

"నీ మొహం ఎంత వెలిగిపోతోందో నీకేం తెలుసు. నాన్న పోయాక నిన్ను అలా చూడ్డం అదే మొదలు. అంతమందిలో నేనెలా నోరు తెరిచేది?" అని మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. "మర్నాడు సాయంత్రం నువ్వు పని నుంచి వచ్చేలోపు వీధిలో ఏడుగురిని పిలిచాను. ఏమీ తక్కువ చెయ్యలేదులే. నువ్వొచ్చి తిన్న అన్నం అదే."

తొమ్మిది గుమ్మాల్లో నిలబడి తప్పు ఒప్పుకున్నప్పుడు రుమంతికి కన్నీళ్లు రాలేదు. ఇప్పుడు వచ్చాయి. "ఒక్కసారి, ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"నువ్వు అడిగింది సర్టిఫికెట్టు. బీరువాలోంచి తీసిచ్చాను" అంది సుమిరా. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే రుమంతికి కాస్త తేలిగ్గా ఉండేది.

నిజమే. ఇన్నాళ్లలో నాన్న ఎలా పోయాడని తల్లిని ఎన్నడూ అడగలేదు. ఆ రోజు రుమంతి ఆసుపత్రికి చేరేసరికి మంచం మీద దుప్పటి కప్పేసి ఉంది. అడిగితే, నువ్వెందుకు ఆలస్యంగా వచ్చావన్న ప్రశ్న తనవైపు తిరుగుతుందని భయపడింది. ఆ భయంతోనే ఉద్యోగం మానేసి వచ్చింది, ఆ భయంతోనే ఒకే కప్పు కింద ఉంటూ నోరు మెదపకుండా ఉంది. ఇక తప్పించుకోవాలని లేదు. కాగితం పక్కన పెట్టేసింది.

"ఏమైనా అన్నాడా అమ్మా?"

సుమిరా ఒలిచిన గింజలు చాటలో అటూ ఇటూ కదిపింది. "పిల్ల బస్సెక్కిందా అని అడిగాడు. రెండుసార్లు అడిగాడు. ఎక్కింది, వచ్చేస్తోంది అన్నాను. సరే అని కళ్లు మూసుకున్నాడు." ఆమె చాట ఒళ్లోకి లాక్కుంది. "మొదటిసారి తప్ప ఆ తర్వాత నీకు ఎన్నిసార్లు ఫోను చేసినా తియ్యలేదు. ఆఫీసులోనే పనిలో ఉండి ఉంటావనుకున్నాను. తెలిసే చెప్పాను. పోయే మనిషికి అబద్ధం చెప్పి పంపాను. దానికేం చెప్పుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు."

రుమంతి తల ఎత్తింది. తనొక్కదాని మీదే ఉందనుకున్న బరువును తల్లి కూడా ఇన్నాళ్లూ వేరేగా మోస్తోందని అప్పుడే తెలిసింది.

"ఎక్కానమ్మా" అంది. "నాలుగింటికి నువ్వు మొదటిసారి చేసినప్పుడే ఆఫీసులో చెప్పి బయల్దేరాను. బస్సు దొరికేసరికి ఐదయింది. బస్సులో ఫోను చార్జింగు పోయింది, అందుకే తియ్యలేదు. దారిలో లారీ తిరగబడి గంటన్నర ఆగిపోయాం. మగ్రిబ్ అజాన్ నేను సగం దారిలో, దెలంగ్గు దగ్గర విన్నాను. బస్సులోనే ఉన్నాను. వచ్చేస్తూనే ఉన్నాను."

సుమిరా చాట కింద పెట్టింది. కూతురి మొహంలోకి, ఇంకా ఏదైనా దాస్తోందేమోనన్నట్టు, చాలాసేపు చూసింది. దాచింది ఏమీ కనిపించలేదు.

"అయితే ఆయనకి నేను అబద్ధం చెప్పలేదన్నమాట" అంది.